థర్మల్ ప్రింటర్‌తో బొమ్మ అచ్చు: గాఢతకూ ఛాయలకూ ఏ పద్ధతి ఎవరికి నప్పుతుంది?

దుకాణం బిల్లు మీద లోగోనో, దేవుడి బొమ్మనో, యజమాని ఫోటోనో అచ్చు వేయించాలనుకున్నవారికి తరచుగా ఒకే చిక్కు ఎదురవుతుంది. తెర మీద చక్కగా కనిపించిన బొమ్మ కాగితం మీదకు వచ్చేసరికి కళ్లూ ముక్కూ కలిసిపోయిన నల్లని మచ్చగా మారుతుంది. దాన్ని సరిచేద్దామని డార్క్‌నెస్ తగ్గిస్తే కింది అక్షరాలు కూడా వెలిసిపోయినట్లు వస్తాయి. స్కానింగ్ సెంటర్లలోనూ, ఐడీ కార్డులు చేసేచోటా, పాస్‌పోర్టు ఫోటోలు తీసే స్టూడియోల్లోనూ ఇదే చిక్కు వేర్వేరు రూపాల్లో ఉంటుంది. కొందరు ప్రింటర్‌ది తప్పనుకొని కొత్తది కొంటారు, కొందరు కాగితం నాసిరకమని రోల్ మారుస్తారు, ఎక్కువమంది డార్క్‌నెస్ అంకెను పైకీ కిందికీ జరుపుతూ ఉండిపోతారు.

ఇక్కడ రెండు వేర్వేరు విషయాలు కలగలిసి ఉన్నాయి. అచ్చులో అన్నిటికంటే నల్లని చోటు ఎంత నల్లగా ఉందన్నది గాఢత. తెలుపుకూ ఆ నలుపుకూ మధ్యనున్న బూడిద రంగు మెట్లు ఎలా పంచుకున్నాయన్నది ఛాయ. ప్రింటర్ మీదున్న డార్క్‌నెస్ సెట్టింగ్ ప్రధానంగా మొదటిదాన్నే మారుస్తుంది. రెండవది బొమ్మను ముందుగా ఎలా తయారుచేశారన్న దానిమీదా, హెడ్‌లోని ఒక్కో చుక్క బూడిద రంగు ఇవ్వగలదా లేదా అన్న దానిమీదా ఆధారపడుతుంది. ఏ యంత్రం కొనాలో, ఉన్న యంత్రాన్ని ఎలా వాడాలో తేల్చుకోవడానికి ఈ తేడాయే మొదటి మెట్టు.

## ముందుగా చూసుకోవలసినవి

థర్మల్ ప్రింటర్ వేడితోనే అచ్చు వేస్తుంది. ఆ వేడినిచ్చే థర్మల్ హెడ్ అంటే సిరామిక్ పలక మీద ఒకే వరుసలో పేర్చిన అతి సన్నని రెసిస్టర్ల (కరెంటు పారితే వేడెక్కే బిందువుల) బారు. 203 డీపీఐ (అంగుళానికి 203 చుక్కల) హెడ్‌లో మిల్లీమీటరుకు 8 చుక్కలు, 300 డీపీఐ హెడ్‌లో సుమారు 12 చుక్కలు ఉంటాయి. మామూలు బిల్లు, లేబుల్ ప్రింటర్లలో చుక్క పడితే పూర్తి నలుపు, పడకపోతే తెలుపు, మధ్యస్థితి లేదు. స్కానింగ్ ప్రింటర్లలోనూ ఫోటో ప్రింటర్లలోనూ ఒక్కో చుక్కను ఎంతసేపు వేడిచేయాలన్నది 256 స్థాయిల్లో నియంత్రిస్తారు. ఎంపికలో అసలు విభజన రేఖ ఇదే. మిగిలిన గుణాలన్నీ దీని తరువాతే.

రెండవది గరిష్ఠ గాఢత. దీన్ని డెన్సిటోమీటర్ అనే గాఢత కొలిచే పరికరంతో కొలుస్తారు, లాగరిథమ్ లెక్కలో చెబుతారు. గాఢత 1 అంటే పడిన వెలుతురులో పదో వంతు, 2 అంటే నూరో వంతు, 3 అంటే వెయ్యో వంతు కంటికి చేరుతుంది. గాఢత 0.3 పెరిగిన ప్రతిసారీ ఆ వెలుతురు సగమవుతుంది. మంచి థర్మల్ కాగితం 1.2 పరిసరాల్లో ఆగిపోతుంది. గరిష్ఠ గాఢత తక్కువగా ఉన్న మాధ్యమంలో మెట్లన్నీ ఆ ఇరుకు చోటులోనే సర్దుకోవాలి కనుక ముదురు ఛాయల్లోని వివరం ముందుగా పోతుంది.

మూడవది నిలకడ, అంటే బొమ్మ పైభాగంలో వచ్చిన బూడిద రంగు కింది భాగంలోనూ అదే రంగుగా రావడం. పెనం మీద మొదటి దోసె, నాలుగో దోసె ఒకే మంట మీద ఒకేలా కాలవు. హెడ్ కూడా అంతే, నల్లని పట్టీ ఒకటి అచ్చయిన వెంటనే వచ్చే వరుసలు, సెట్టింగ్ మార్చకపోయినా, ముదురుగా పడతాయి. దీనికి విరుగుడుగా మంచి యంత్రాలు ఒక్కో చుక్క అంతకుముందు ఎన్ని వరుసల్లో వేడెక్కిందో గుర్తుపెట్టుకొని ఇవ్వవలసిన వేడిని తగ్గిస్తాయి. దీనికి వ్యతిరేకమైన లోపం బ్యాటరీతో నడిచే చిన్న ప్రింటర్లలో కనిపిస్తుంది: ఒకే వరుసలో ఎక్కువ చుక్కలు ఒక్కసారి వెలిగితే వోల్టేజీ పడిపోయి, నిండు నలుపు కావలసిన చోటే వెలవెలబోతుంది.

నాలుగవది మన్నిక. రిబ్బన్ (సిరా లేదా రంగు పూసిన పట్టీ) లేకుండా కాగితమే నల్లబడే పద్ధతిలో, పూతలో రంగులేని ల్యూకో రంజనమూ దాన్ని నల్లబరిచే డెవలపరూ విడివిడి రేణువులుగా ఉంటాయి. వేడికి కరిగి కలిసినప్పుడే నలుపు పుడుతుంది. అచ్చు పూర్తయ్యాక కూడా ఆ పూతకు వేడి తగిలితే నల్లబడే గుణం పోదు, ఎండకూ చెమటకూ నూనెకూ వెలిసే గుణమూ పోదు. కడుపులో బిడ్డ మొదటి స్కాన్ చిత్రాన్ని భద్రం చేసుకుందామని జిరాక్స్ సెంటర్‌లో వేడి లామినేషన్ చేయిస్తే, రోలర్ల మధ్య నుంచి బయటికి వచ్చేసరికి కాగితమంతా నల్లగా మారి ఉంటుంది. మెత్తని పీవీసీ కవర్‌లో పెడితే అందులోని ప్లాస్టిసైజర్ (ప్లాస్టిక్‌ను మెత్తబరిచే రసాయనం) సోకి నెలల్లో బొమ్మ వెలిసిపోతుంది. స్కానింగ్ సెంటర్ల గోడ మీద ఈ రెండు మాటలూ పెద్ద అక్షరాల్లో రాసి ఉండాలని నా గట్టి అభిప్రాయం.

## బిల్లు, లేబుల్ ప్రింటర్లు: చుక్కల పంపకంతో ఛాయ

రెండంగుళాల ప్రింటర్‌లో 58 మిల్లీమీటర్ల కాగితంపై సాధారణంగా 384 చుక్కలు, మూడంగుళాల ప్రింటర్‌లో 80 మిల్లీమీటర్ల కాగితంపై 576 చుక్కలు పడతాయి. బూడిద రంగు ఇవ్వలేని ఈ హెడ్‌తో ఛాయ చూపించాలంటే నల్ల చుక్కలను ఎక్కడ దట్టంగా, ఎక్కడ పలచగా చల్లాలో ముందే లెక్కవేయాలి. ఆ లెక్కకే డిథరింగ్ అని పేరు, దానిలోనూ మూడు నాలుగు దారులున్నాయి.

1976లో ప్రచురితమైన ఫ్లాయిడ్–స్టైన్‌బర్గ్ పద్ధతి, ఒక చుక్కను నలుపుగానో తెలుపుగానో తేల్చినప్పుడు వచ్చిన తేడాను 16 భాగాలుగా చేసి పక్క చుక్కకు 7, కింది వరుసలోని మూడు చుక్కలకు 3, 5, 1 చొప్పున పంచుతుంది. తెర మీద ఇది అందంగా ఉంటుంది, సూక్ష్మ వివరాన్ని నిలబెడుతుంది. థర్మల్ కాగితం మీద మాత్రం దీనికొక బలహీనత ఉంది. లేత ఛాయల్లో ఒంటరిగా పడవలసిన చుక్క, దాని రెసిస్టర్ చల్లగా ఉండటం వల్ల మసకగా పడుతుంది లేదా అసలు పడదు. ముదురు ఛాయల్లో ఒంటరిగా మిగలవలసిన తెల్ల చుక్క, చుట్టూ ఉన్న వేడికి మూసుకుపోతుంది. నుదుటి మీది లేత ఛాయ మాయమై, జుట్టు ఒకే ముద్ద కావడానికి కారణమిదే.

ఆపిల్ సంస్థలో బిల్ అట్కిన్‌సన్ రూపొందించిన పద్ధతి ఆ తేడాలో 8వ వంతు చొప్పున ఆరు చుక్కలకే పంచి, మిగిలిన రెండు వంతులను వదిలేస్తుంది. అందువల్ల లేత చోట్లు మరింత తేటగా, ముదురు చోట్లు మరింత ముదురుగా వచ్చి, మధ్య ఛాయల మధ్య తేడా పెరుగుతుంది. మనిషి ముఖాన్ని బిల్లు కాగితంపై అచ్చువేయాలంటే నేను మొదట సిఫారసు చేసేది దీన్నే. వెలుతురు బాగా పడిన ముఖం దీనితో శుభ్రంగా వస్తుంది, నీడలో తీసిన ఫోటోకు ఇది నప్పదు.

1973 నాటి బేయర్ క్రమ పద్ధతి స్థిరమైన గళ్ల నమూనాతో పనిచేస్తుంది. 4×4 గడి 17 మెట్లు ఇస్తుంది, 8×8 గడి 65 మెట్లు ఇస్తుంది. గళ్ల ఆనవాలు కంటికి కనిపిస్తుంది కనుక ముఖాలకు అంతగా బాగుండదు, గీతల బొమ్మలకూ పటాలకూ సరిపోతుంది. వీటన్నిటికంటే నిలకడైనది, పత్రికల్లో పాత ఫోటోలకు వాడినట్లు చుక్కలను గుంపుగా పెంచుకుంటూ పోయే హాఫ్‌టోన్. పక్కపక్కనే ఉన్న చుక్కలు ఒకదాన్నొకటి వేడిచేసుకుంటాయి కనుక గుంపు ప్రతిసారీ ఒకే పరిమాణంలో పడుతుంది. దీనికి చెల్లించే మూల్యం వివరం. 203 డీపీఐలో 4×4 గుంపు అర మిల్లీమీటరు వెడల్పు తీసుకుంటుంది, అంటే అంగుళానికి సుమారు 50 వరుసలే వస్తాయి. కాబట్టి ఈ పద్ధతి పెద్ద లేబుళ్లకు బాగుంటుంది, రెండంగుళాల బిల్లుకు ముతకగా కనిపిస్తుంది.

ఏ పద్ధతి ఎంచుకున్నా డార్క్‌నెస్ విషయంలో ఒక సూత్రం వర్తిస్తుంది. థర్మల్ కాగితం వేడికి సమానంగా స్పందించదు. ఒక హద్దు దాకా రంగు దాదాపు రాదు, హద్దు దాటగానే వేగంగా పెరుగుతుంది, ఆ తరువాత ఎంత వేడి ఇచ్చినా నలుపు పెరగక చుక్క మాత్రం ఉబ్బుతుంది. కనుక నిండు నలుపు పట్టీ పూర్తిగా నిండిన అతి తక్కువ సెట్టింగే సరైన సెట్టింగ్. జెడ్‌పీఎల్ అనే ఆదేశాల భాషలో పనిచేసే లేబుల్ ప్రింటర్లలో డార్క్‌నెస్ 0 నుంచి 30 వరకు, టీఎస్‌పీఎల్ అనే మరో భాషలో పనిచేసే ప్రింటర్లలో డెన్సిటీ 0 నుంచి 15 వరకు ఉంటుంది. చవకైన చిన్న బిల్లు ప్రింటర్లలో కొన్నిటికి ఒకేసారి వెలిగే చుక్కల సంఖ్య, వేడిచేసే సమయం, మధ్య విరామం అనే మూడు విలువలను విడివిడిగా ఆదేశంతో పంపవచ్చు. వీటిలో మొదటిదాన్ని తగ్గిస్తే బ్యాటరీ ప్రింటర్‌లో నలుపు వెలవెలబోవడం తగ్గుతుంది, అచ్చు వేగం కూడా తగ్గుతుంది. డార్క్‌నెస్ పెంచే ముందు వేగం తగ్గించి చూడటం మేలు. చుక్కకు వేడెక్కడానికీ చల్లారడానికీ సమయం దొరికితే అంచులు శుభ్రంగా వస్తాయి, హెడ్ ఆయుష్షూ పెరుగుతుంది.

## స్కానింగ్ సెంటర్ ప్రింటర్: కాగితమే నల్లబడుతూ 256 ఛాయలు

అల్ట్రాసౌండ్ యంత్రం పక్కన కనిపించే చిన్న నలుపు తెలుపు ప్రింటర్ కూడా రిబ్బన్ లేనిదే. కానీ ఒక్కో చుక్కకు వేర్వేరు వ్యవధి పాటు వేడినిచ్చి నిజమైన బూడిద రంగు పుట్టిస్తుంది. ఉదాహరణకు సోనీ యూపీ-ఎక్స్898ఎండీ 110 మిల్లీమీటర్ల రోల్ మీద 325 డీపీఐతో 256 ఛాయలు ఇస్తుంది. ఇక్కడ డిథరింగ్ అవసరం లేదు కనుక, గాఢతనూ ఛాయనూ నిర్ణయించేవి రెండే: కాగితం రకమూ, దానికి తగిన గామా వక్రమూ (బొమ్మలోని ఒక్కో ఛాయ కాగితం మీద ఎంత ముదురుగా పడాలో చెప్పే లెక్క).

ఈ ప్రింటర్లకు వాడే కాగితాల్లో సాధారణ రకం యూపీపీ-110ఎస్, అధిక గాఢత రకం యూపీపీ-110హెచ్‌డీ, నిగనిగలాడే రకం యూపీపీ-110హెచ్‌జీ. మూడూ ఒకే వేడికి ఒకేలా స్పందించవు. అందుకే ఏ రకం రోల్ వేశామో ప్రింటర్‌కు తెలియజేయాలి. రోల్ మార్చి ఆ సెట్టింగ్ మార్చకపోతే చిత్రం మొత్తం వెలిసినట్లో, నీడలన్నీ మూసుకుపోయినట్లో వస్తుంది. అప్పుడు బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ మీటలతో కుస్తీ పట్టడం వల్ల ఒక చిత్రం బాగుపడి మరొకటి చెడుతుంది. సాధారణ రకం చవకే, వైద్యుని సూచన చూసి ఫైల్లో పెట్టుకునే మామూలు చిత్రానికి చాలు. కాలేయంలోని లేత తేడాలూ, గర్భస్థ శిశువు ముఖమూ వంటివి ముద్రించేచోట అధిక గాఢత రకమో నిగనిగల రకమో తీసుకోవాలి. ముదురు ఛాయల్లో మెట్లు విడివిడిగా కనిపించడానికి అక్కడ చోటెక్కువ.

మన్నిక దృష్ట్యా ఈ కాగితం దస్త్రానికి చాలదు. గర్భస్థ లింగ నిర్ధారణ నిరోధక చట్టం ప్రకారం స్కానింగ్ కేంద్రాలు తమ రికార్డులను రెండేళ్లు భద్రపరచాలి. చిత్రాలను డిజిటల్ రూపంలో దాచి, థర్మల్ ప్రింటును రోగి చేతికిచ్చే నకలుగా మాత్రమే చూడటం క్షేమం.

## డై సబ్లిమేషన్: రంగు రిబ్బన్‌తో ఫోటో

పాస్‌పోర్టు ఫోటోల స్టూడియోలూ, పెళ్లి వేడుకల్లో అక్కడికక్కడే ఫోటో ఇచ్చేవారూ, ఐడీ కార్డు చేసేవారూ వాడేది ఇదే. పసుపు, మెజెంటా, సయాన్ పొరలు రిబ్బన్ మీద వరుసగా ఉంటాయి. హెడ్ ఇచ్చిన వేడిని బట్టి రంజనం కొద్దిగానో ఎక్కువగానో కాగితంలోని పూతలోకి ఇంకుతుంది, చివరగా పారదర్శకమైన రక్షణ పొర పడుతుంది. ప్రతి చుక్కకూ ఒక్కో రంగులో 256 మెట్లు ఉండటంవల్ల 300 డీపీఐ అచ్చు కూడా ఛాయల నునుపులో చాలా ఉన్నతంగా కనిపిస్తుంది. గాఢత 2 పరిసరాల దాకా వెళుతుంది.

ఖర్చు స్వభావం ఇక్కడ వేరు. బొమ్మ లేతగా ఉన్నా ముదురుగా ఉన్నా ఒక్కో ఫోటోకు ఒక్కో పొర పూర్తిగా ఖర్చవుతుంది కనుక, రంగు తగ్గించి రిబ్బన్ ఆదా చేయడమన్నది ఉండదు. కార్డు ప్రింటర్ల రిబ్బన్‌లో రంగు పొరలతోపాటు నల్ల రెజిన్ (ప్లాస్టిక్ వంటి గట్టి పదార్థం) పొర కూడా ఉంటుంది. అక్షరాలూ బార్‌కోడూ దానితో వచ్చేలా డ్రైవర్‌లో ఎంచుకోవాలి. లేకపోతే మూడు రంగులు కలిసిన గోధుమ ఛాయ నలుపు పడి, స్కానర్ తడబడుతుంది. మరో జాగ్రత్త కూడా ముఖ్యమైనది: వాడేసిన రిబ్బన్ మీద ప్రతి ఫోటో, ప్రతి అక్షరం తిరగబడిన రూపంలో మిగిలే ఉంటుంది. విద్యార్థుల, ఉద్యోగుల కార్డులు చేసేవారు ఆ రిబ్బన్‌ను చెత్తబుట్టలో అలాగే పడేయకూడదు, ముక్కలుగా కత్తిరించాలి.

## మైనం, రెజిన్ రిబ్బన్లు

సిరాను కరిగించి కాగితానికి అంటించే థర్మల్ ట్రాన్స్‌ఫర్‌లో సిరా అంటుతుంది లేదా అంటదు, కనుక ఛాయకు మళ్లీ డిథరింగే దిక్కు. దీని బలం నలుపు గాఢత, మన్నిక. మైనం రిబ్బన్ కాగితం లేబుళ్లకు, రెజిన్ రిబ్బన్ పాలిస్టర్ లేబుళ్లకు, మైనం-రెజిన్ మిశ్రమం ఆ రెంటికీ నడుమ. రెజిన్‌కు ఎక్కువ వేడి కావాలి కాబట్టి మైనం సెట్టింగ్‌తో నడిపితే నలుపులో చిల్లులు పడతాయి, అవసరానికి మించి వేడి ఇస్తే రిబ్బన్ ముడతలు పడి బొమ్మ మీద ఏటవాలు తెల్ల గీతలు వస్తాయి. ఫోటోలకు ఇది తగినది కాదు. మందుల పెట్టె, పచ్చళ్ల సీసా, గోదాము లేబుల్ వంటి వాటిపై లోగోకు మాత్రం దీన్ని మించినది లేదు.

## జింక్ కాగితం, డ్రై ఫిల్మ్

జేబులో పట్టే ఫోటో ప్రింటర్లలో వాడే జింక్ కాగితంలోనే మూడు రంగుల పొరలుంటాయి. పైనున్న పసుపుకు ఎక్కువ వేడి కొద్దిసేపు, అడుగునున్న సయాన్‌కు తక్కువ వేడి ఎక్కువసేపు ఇచ్చి రంగులను వేరుచేస్తారు. ఒకే హెడ్ ఒకే కాగితంపై ఇంత సున్నితంగా పనిచేయాలి కనుక రంగు తొణకడం సహజం. ప్యాకెట్‌తో వచ్చే నీలి రంగు కార్డును చాలామంది పారేస్తారు, ఆ ప్యాకెట్ కాగితానికి ప్రింటర్‌ను సరిచేసేది అదే. సరదాకు ఇది బాగుంటుంది, వ్యాపారానికి చాలదు.

ఎక్స్‌రే, సీటీ చిత్రాలకు వాడే డ్రై ఫిల్మ్‌లో అగ్ఫా డ్రైస్టార్ వంటి యంత్రాలు థర్మల్ హెడ్‌తోనే పనిచేస్తాయి. వెనుక నుంచి వెలుతురు పడే పెట్టెపై చూస్తారు కాబట్టి ఫిల్మ్ గాఢత 3 దాకా ఉపయోగపడుతుంది. ఇక్కడ ఛాయల వక్రాన్ని కంటికి నచ్చినట్లు కాక, వైద్య చిత్రాలకు ఉన్న డైకామ్ ప్రమాణంలోని 14వ భాగం చెప్పినట్లు సర్దాలి.

| పద్ధతి | ఒక్కో చుక్కకు ఛాయలు | నలుపు గాఢత | మన్నిక | ఎక్కడ నప్పుతుంది |
|---|---|---|---|---|
| బిల్లు, లేబుల్ థర్మల్ | 2 | మధ్యస్థం | తక్కువ | బిల్లు, టికెట్, తాత్కాలిక లేబుల్ |
| స్కానింగ్ థర్మల్ | 256 | కాగితం రకాన్ని బట్టి | తక్కువ | అల్ట్రాసౌండ్ చిత్రం |
| డై సబ్లిమేషన్ | రంగుకు 256 | ఎక్కువ | బాగుంటుంది | ఫోటో, ఐడీ కార్డు |
| మైనం, రెజిన్ రిబ్బన్ | 2 | ఎక్కువ | చాలా బాగుంటుంది | లోగో, బార్‌కోడ్ లేబుల్ |
| డ్రై ఫిల్మ్ | చాలా ఎక్కువ | అత్యధికం | బాగుంటుంది | ఎక్స్‌రే, సీటీ |

## ఎవరు ఏది ఎంచుకోవాలి

కిరాణా, మెడికల్, టిఫిన్ సెంటర్ యజమానులకు బొమ్మ కోసమే కొత్త ప్రింటర్ కొనవలసిన అవసరం లేదు. ఫోటో బదులు గీతలతో వేసిన లోగో వాడితే డిథరింగ్ లేకుండానే శుభ్రంగా వస్తుంది, ఫోటోయే కావాలంటే అట్కిన్‌సన్ పద్ధతి చాలు. లోగో వెనుక నిండు నల్లని పట్టీ మాత్రం పెట్టవద్దు. దాని తరువాతి వరుసలు ముదురుతాయి, బ్యాటరీ ప్రింటర్ నీరసిస్తుంది.

లేబుళ్ల మీద బొమ్మా బార్‌కోడూ రెండూ ఉన్నవారు బార్‌కోడ్‌కే పెద్దపీట వేయాలి. డార్క్‌నెస్ పెంచితే నల్ల గీతలు ఉబ్బి వాటి మధ్య తెలుపు సన్నబడుతుంది, స్కానర్ చదవదు. డార్క్‌నెస్‌ను బార్‌కోడ్‌కు సరిపెట్టి, బొమ్మ ఛాయను కంప్యూటర్‌లోనే తేలికపరచడం సరైన దారి. లేబుల్ ఎండలోనో ఫ్రీజర్‌లోనో ఏడాది ఉండాలంటే రిబ్బన్ యంత్రం తీసుకోవాలి, ఖర్చు పెరిగినా సరే.

కొత్తగా స్కానింగ్ సెంటర్ పెట్టేవారికి నా సలహా, ప్రింటర్ ధర మీద బేరమాడటానికి పెట్టే శ్రమను కాగితం ఎంపిక మీద పెట్టమని. ఒకే రకం రోల్‌కు కట్టుబడి, గామాను దానికి ఒకసారి సరిచేసి వదిలేస్తే, ఏ సాంకేతిక నిపుణుడు షిఫ్టులో ఉన్నా చిత్రం ఒకేలా వస్తుంది. చిన్న స్టూడియోవారు ఇంక్‌జెట్‌తో పోల్చుకుని తటపటాయిస్తుంటారు. రోజుకు ఫోటోలు తక్కువైతే ఇంక్‌జెట్ నాజిల్ ఎండిపోయే బెడద ఉంటుంది, డై సబ్లిమేషన్‌కు అది లేదు, పైగా ఒక్కో ఫోటో ఖర్చు ముందే తెలుస్తుంది.

## ఉన్న యంత్రాన్ని సరిచేసే క్రమం

తెలుపు నుంచి నలుపు దాకా పది లేదా పదకొండు గడుల మెట్ల పట్టీ ఒకటి తయారుచేసుకోవాలి, చివర నిండు నలుపు గడి ఉండాలి. మొదట వేగాన్ని మధ్యస్థంగా ఉంచి, డార్క్‌నెస్‌ను తక్కువ నుంచి ఒక్కో మెట్టు పెంచుతూ, నలుపు గడిలో తెల్ల నలుసులు పోయిన చోట ఆపాలి. అక్కడి నుంచి ఆ అంకెను ముట్టుకోకూడదు. ఇప్పుడు పట్టీలో ముదురు వైపు గడులు కలిసిపోయి కనిపిస్తే, బొమ్మను పంపే సాఫ్ట్‌వేర్‌లో మధ్య ఛాయలను తేలికపరచాలి. లేత వైపు గడులు తెలుపుగానే మిగిలితే ఆ వైపు కాస్త ముదురు చేయాలి. స్కానింగ్, ఫిల్మ్ ప్రింటర్లకైతే ఎస్‌ఎంపీటీఈ అనే పరీక్షా చిత్రపు నమూనాలో 5 శాతం, 95 శాతం చిన్న గడులు రెండూ విడిగా కనిపిస్తున్నాయో లేదో చూస్తే చాలు.

అదే పట్టీని రెండో పరీక్షగా ఒక నిండు నల్లని పట్టీ కింద మళ్లీ అచ్చు వేయాలి. రెండు పట్టీల మధ్య తేడా ఎంతో చూస్తే ఆ యంత్రం తన వేడిని తాను ఎంత బాగా అదుపుచేసుకుంటున్నదో తెలిసిపోతుంది. కొనేముందు దుకాణంలో అడిగి చేయించుకోదగ్గ పరీక్ష ఇది.

రోల్ కంపెనీ మారినప్పుడల్లా మొదటి పరీక్ష మళ్లీ చేయాలి. అచ్చు పొడవునా సన్నని తెల్ల గీత ఒకే చోట వస్తుంటే అది సెట్టింగ్‌తో పోయేది కాదు. ముందు ప్రింటర్ ఆపి, హెడ్ చల్లారాక, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తని గుడ్డతో ఒకే దిశలో తుడిచి, పూర్తిగా ఆరాక మళ్లీ పట్టీ వేయాలి. గీత అక్కడే ఉంటే ఆ రెసిస్టర్ కాలిపోయినట్లే, హెడ్ మార్చక తప్పదు.